ఆశీలు మాకు, మాఫీ వాళ్ళకి

సంతలో కూర్చుని పిప్పళ్ళు అమ్మితే ఆశీలు ఇవ్వాలి. అందులో మా అమ్మకి ఏనాడూ తగాదా లేదు. ఆ నేల పంచాయతీది. ఏటా వేలం పాడుకున్నవాడు వచ్చి గంప చూసి అడుగుతాడు. మనం నాలుగు తిట్టి ఇస్తాం, వాడు ఆ నాలుగూ పడి తీసుకుంటాడు. మా సొంత పొలం చెక్కలో, మా సొంత పొయ్యి ముందు, మా సొంత కోడిని కాల్చుకుంటున్న మనిషిని పట్టుకుని పన్ను కట్టమన్నారు చూడండి, మా తగాదా అక్కడ మొదలైంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ముందు ఆ చెక్క సంగతి చెప్పాలి. అరకు నుంచి ఘాట్ రోడ్డు దిగే దారిలో ఒక పెద్ద మలుపు ఉంది. మలుపు పక్కన మా ఊరివాళ్ళ మెట్ట పొలాలు. వాటిలో రోడ్డుకి ఆనుకుని ఉన్న చెక్క మాది. పై అంచున ఒక ఊట, నడి వేసవిలో కూడా ఎండేది కాదు. ఆ నీళ్ళే చెక్క దిగువ కొసన మా మడినీ, మా పక్కవాళ్ళ మళ్ళనీ తడిపేవి. చెక్కలో ముందు చోళ్ళు, మీరు రాగులంటారు, అవి కోశాక నూనెకి వలిసెలు. నాన్న నా చిన్నప్పుడే చలిజ్వరంతో పోయాడు. పట్టా చిన్నాన్న పేరు మీద ఉండేది. దున్నేది చిన్నాన్న, విత్తేదీ కలుపు తీసేదీ అమ్మ. రెండిళ్ళ తిండీ అందులోంచే రావాలి. అది చేజారితే వెళ్ళి దున్నుకోవడానికి మాకు ఇంకో చెక్క లేదు.

తొంభైలలో సందర్శకులు పొద్దున్నే విశాఖపట్నంలో రైలెక్కి, సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టుకుంటూ మా కొండ ఎక్కేవారు. సాయంత్రానికి జీపుల్లోనో బస్సుల్లోనో దిగిపోయేవారు. ముందురోజు సముద్రం, ఆ రోజు కొండ, మర్నాడు ఎవరి ఊరు వాళ్ళకి. దారిలో మా మలుపు దగ్గర ఆగి లోయ చూసేవారు. వలిసెలు పూసిన రోజుల్లో అయితే లోయని వదిలేసి మా చెక్కలోకి దిగేవారు. పసుపుపచ్చ పూల మధ్య చంటిపిల్లల్ని కూర్చోబెట్టి, పెద్దవాళ్ళు పక్కన ఒరిగి ఫోటోలు తీయించుకునేవారు. తొక్కిన మొక్క గింజ కట్టదని వాళ్ళకెవరు చెప్పాలి? అమ్మ చెప్పింది. ఒకసారి పూలలో పడుకుని ఉన్న ఒక పెద్దమనిషి నెత్తిన నిలబడి, మీ ఇంటికొచ్చి మీ పరుపు మీద నేనూ ఇలాగే పడుకోనా బాబూ అని అడిగింది. ఆయన నవ్వి, లేచి, బట్టలు దులుపుకుని డబ్బులిచ్చాడు. ఆ డబ్బులు చూశాక అమ్మ ఆలోచనలో పడింది.

బొంగులో మాంసం కాల్చడం మా దగ్గర మగవాళ్ళ పని. వేటకెళ్ళేటప్పుడు అడవిలోకి కుండలు మోసుకెళ్ళలేరు కాబట్టి, పచ్చి వెదురు కణుపు నరికి, అందులో మాంసం కూరి, మూతికి ఆకు కుక్కి నిప్పుల్లో పడేస్తారు. ఇంట్లో అలా ఎవరూ వండరు, ఇంట్లో కుండ ఉంది కదా. అమ్మ ఆ అడవి వంటని తెచ్చి, వేట మాంసానికి బదులు కోడితో, రోడ్డు పక్కన పెట్టింది. మగాళ్ళ వంట ఆడది చేస్తోందని ఊళ్ళో కొన్నాళ్ళు నవ్వుకున్నారు. అమ్మ వాళ్ళకి కూడా ఒక్కో ముక్క ఇచ్చి నోళ్ళు మూయించింది. సందర్శకులు మాత్రం ఎగబడ్డారు. నూనె లేదు, గిన్నె లేదు, బొంగు చీలిస్తే పొగలు కక్కుతూ మాంసం. ఆ కోళ్ళ డబ్బులతోనే నేను ఆశ్రమ పాఠశాల దాటి కాలేజీకి, అక్కడి నుంచి టీచర్ ట్రైనింగుకి వెళ్ళాను.

రెండువేలు దాటిన కొత్తలో మలుపు దగ్గర ఒక బోర్డు పాతారు. ఇది పర్యాటక ప్రాంతమని రాసి ఉంది. మేం సంబరపడ్డాం, దీపాలు వేస్తారేమో, చెత్తకుండీ పెడతారేమో అనుకున్నాం. ఆ వారంలోనే సంతలో ఆశీలు పాడుకున్నవాడు మోటారు సైకిలు మీద వచ్చి మా పొయ్యి ముందు ఆగాడు. పర్యాటక ప్రాంతంలో జరిగే వ్యాపారం కూడా తన పాటలోకే వస్తుందట. కోడికి ఇంత అన్నాడు. వలిసె పూలలో ఫోటోలకి డబ్బులు తీసుకుంటున్నారట కదా, దానికీ ఇంత అన్నాడు. మా పూలు మా చెక్కలో పూసినందుకు మేం కట్టాలి.

అమ్మ చేతిలో బొంగు చీల్చే కత్తి ఉంది. దాన్ని కింద పెట్టి మరీ మాట్లాడింది. "సంత పంచాయతీది, ఇత్తన్నాను. ఈ పొయ్యి ఎవుడిది? ఈ సెక్క ఎవుడిది? నీకు నాను ఏటికియ్యాలి?"

అతను బోర్డు చూపించాడు. అమ్మకి చదువు రాదు, నేను ఊళ్ళో లేను. బోర్డు మీద ప్రభుత్వం ముద్ర ఉందంటే మా వైపు మనుషులు ఇప్పటికీ ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఇచ్చింది. ఆ తర్వాత రోజూ తిడుతూనే ఇచ్చింది. సెలవులకి వచ్చినప్పుడు నేను చదివి, బోర్డు మీద ఆశీలు అన్న మాటే లేదని చెబితే, ఆమెకి అతని మీద కంటే నా మీద ఎక్కువ కోపం వచ్చింది. ముందే వచ్చి చదవలేకపోయావా అంది.

సముద్రం సావుకారు వచ్చింది ఆ రోజుల్లోనే. ఆయన పేరు నాకు తెలుసు గాని మా ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. విశాఖపట్నంలో బీచి దగ్గర ఆయనకి లాడ్జీ ఉండేది, అందుకని ఆ పేరు పెట్టారు. మనిషి మంచివాడిలాగే ఉండేవాడు. మా అమ్మ చేతి మాంసం తిని మెచ్చుకునేవాడు, బేరం ఆడేవాడు కాదు, వెళ్ళేటప్పుడు చేతులు జోడించి వెళ్ళేవాడు. బల్ల మీద కూర్చుని తన కష్టాలు చెప్పుకునేవాడు. సముద్రం ఒడ్డున ఇప్పుడు ఇటుక పెట్టాలన్నా రూలేనట, అల ఎక్కడిదాకా వస్తుందో కొలిచి అక్కడి నుంచి ఇంత దూరం కట్టకూడదంటారట. గది అద్దె మీద పన్ను, భోజనం మీద పన్ను, బోర్డు మీద పన్ను. తనలాంటి చిన్న లాడ్జీలు ఈ పన్నులు కట్టుకుంటూ మూలుగుతుంటే, పెద్ద పెద్ద హోటళ్ళు వచ్చి దిగాయట. వాటికి నేల చవక, కరెంటు చవక, పన్నులో రాయితీ. తన గిరాకీ అంతా అటు పోయిందట. ఇది న్యాయమా అమ్మా అని మా అమ్మనే అడిగేవాడు.

అన్యాయమే. ఆయన మాటలో అబద్ధం లేదు. ఆయన బాధ చూసి అమ్మ ఒకసారి డబ్బులు కూడా తీసుకోలేదు. కాని ఆ అన్యాయం నుంచి ఆయన నేర్చుకున్నది వేరు. ఈసారి రాయితీ అందుకునే వైపు తనే ఉండాలనుకున్నాడు. కొండ మీద హోటళ్ళు పెట్టేవాళ్ళకి కొన్నేళ్ళు పన్నులు మాఫీ చేస్తామని అప్పట్లో చెబుతున్నారు. మా మలుపుకి లోయ ఉంది, రోడ్డు ఉంది, అన్నిటికంటే ముఖ్యం, ఎండని ఊట ఉంది.

అడ్డం ఒక్కటే. ఏజెన్సీలో నేల గిరిజనుడి చేతిలోంచి బయటివాళ్ళ చేతికి పోకూడదు. ఆ చట్టం మా తాతలు ఊరికే సంపాదించింది కాదు. అప్పుకి పొలం, ఉప్పుకి పొలం రాసిచ్చి, సొంత నేలలో కూలికెళ్ళిన మనుషుల కడుపుమంటలోంచి వచ్చింది. చట్టాన్ని మార్చడం సావుకారు వల్ల కాదు. అందుకని దాని పక్కనుంచి వెళ్ళే దారి వెతికాడు. పక్కదారిలో మా చిన్నాన్న నిలబడి ఉన్నాడు.

చిన్నాన్నని చెడ్డవాడని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. నాన్న పోయాక మా చెక్క దున్నిన భుజాలు ఆయనవే. ఊళ్ళో థింసా ఆడితే ముందు వరసలో ఉండేవాడు. కాని విసిగిపోయాడు. పెంకుటిల్లు కారుతోంది, నాగలి పట్టిన చేతికి ఏ ఏడూ ఏమీ మిగలడం లేదు, పక్క ఊరి కుర్రాళ్ళు జీపులు నడుపుతున్నారు. సావుకారు ఆయన భుజం మీద చెయ్యేసి మాట్లాడాడు. "నేల మీది, పేరు మీది. పెట్టుబడి ఒక్కటే నాది" అన్నాడు. హోటలు చిన్నాన్న పేరున లేస్తుంది, బ్యాంకు అప్పు చిన్నాన్న పేరున వస్తుంది, లాభంలో వాటా ఇస్తారు. చిన్నాన్నకి వాటా అన్న మాట వినిపించింది. అప్పు అన్న మాట వినిపించలేదు. కొద్దిరోజులకి చిన్నాన్న గుమ్మం ముందు కొత్త మోటారు సైకిలు నిలబడింది. పేరు అరువిచ్చినందుకు బయానా అన్నమాట.

అమ్మ ఆ బండిని చూసి ఏమీ అనలేదు. అమ్మ ఏమీ అనలేదంటే మా ఇంట్లో అందరం జాగ్రత్తగా ఉంటాం. రాత్రి అన్నం పెడుతూ ఒక్కసారి మాత్రం, ఊట వాళ్ళ గదుల్లోకి పోతే మడికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయని నన్ను అడిగింది.  పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలని కూడా అడిగింది. హోటలు గేటు ముందు బొంగులు కాలుస్తామంటే వాళ్ళు ఊరుకోరని ఇద్దరికీ తెలుసు. ట్రైనింగు పూర్తిచేసి, ఉద్యోగం వచ్చేలోగా ఇంటికొచ్చి, ఇలాంటి ప్రశ్నలకి తలొంచుకుని అన్నం తినాల్సి రావడం నాకు చచ్చేంత అవమానంగా అనిపించింది.

హోటలుకి అనుమతి రావాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి. ఆ రూలు మా మంచికే పెట్టారు. సభకి రోజు పెట్టింది మండలాఫీసు నుంచి వచ్చే ఆఫీసరే గాని, ఏ రోజు బాగుంటుందో చెప్పింది చిన్నాన్న. చైత్రంలో మా ఇటుకల పండగ వస్తుంది. విత్తనాలకి పూజ చేసి, ఊళ్ళో మగవాళ్ళందరూ విల్లంబులు పట్టుకుని అడవికి వేటకెళ్ళిపోతారు. రోజుల తరబడి ఊళ్ళో మగపురుగు ఉండదు. అడ్డుచెప్పే పెద్దలు ఎవరూ లేనప్పుడు సభ పెడితే పని సులువుగా అయిపోతుందని చిన్నాన్న లెక్క. ఆడవాళ్ళ ముందు కాగితం చదివేస్తే సరిపోతుందనుకున్నాడు. భూమి గలవాడిగా తను మాత్రం వేటకెళ్ళకుండా ఉండిపోయాడు.

ఇక్కడే ఆయన లెక్క తప్పింది. మా కొండల్లో పుట్టినవాడు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. ఇటుకల పండగ రోజుల్లో మగవాళ్ళకి అడవి, ఆడవాళ్ళకి రోడ్డు. ఊరి ముందు వెదురు అడ్డం పెట్టి, వచ్చేపోయే ప్రతి బండినీ ఆపుతారు. పండగ మామూలు ఇవ్వాలి, పజోరు అంటారు దాన్ని. ఇవ్వనంటే దిగి మాతో ఒక ఆట ఆడాలి. ఆ రోజుల్లో ఎంత పెద్ద ఆఫీసరైనా మా వెదురు ముందు ఆగాల్సిందే. ఇంకో నియమం కూడా ఉంది. వేటకి వెళ్ళకుండా ఊళ్ళో దాక్కున్న మగాడు కనిపిస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు పోసి తరుముతారు. వాడు తండ్రయినా మామయినా చూడరు. చిన్నాన్నకి ఇవన్నీ తెలుసు. చిన్నప్పటి నుంచి చూశాడు. ఆఫీసరు పక్కన నిలబడితే తన మీద ఎవరు పోస్తారులే అనుకున్నాడు.

ఆ రోజు పొద్దున్నే మేం ఆడవాళ్ళమంతా రోడ్డు మీదే ఉన్నాం. సందర్శకుల కార్లు ఆగుతున్నాయి, నవ్వుతూ ఇచ్చేవాళ్ళు ఇస్తున్నారు, దిగి ఆడేవాళ్ళు ఆడుతున్నారు. ఆఫీసరు జీపు, దాని వెనక సావుకారు కారు వచ్చాయి. వెదురు దించాం. ఆఫీసరు తల బయటపెట్టి ఏ రూలు ప్రకారం బండి ఆపారని గద్దించాడు. ప్రభుత్వ వాహనమని చెప్పాడు. రసీదు ఇస్తారా అని కూడా అడిగాడు.

అమ్మ ముందుకొచ్చింది. "నా పొయ్యి కాడ పుచ్చుకున్నోడు నాకెప్పుడూ రసీదు ఇయ్యనేదు బాబూ. ఇది మా పండగ గేటు. ఇచ్చీసి ఎల్లండి."

సావుకారు గబగబా దిగి ఇద్దరి తరఫునా ఇచ్చాడు. ఆయన లోకజ్ఞానం గలవాడు. ఆడవాళ్ళు చెయ్యి పట్టి లాగితే రెండడుగులు కూడా వేశాడు, బాగానే వేశాడు. ఆఫీసరు జీపులోంచి దిగలేదు గాని ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. వెదురు ఎత్తాం. వాళ్ళు మా పాఠశాల వరండాలోకి వెళ్ళి కుర్చీల్లో కూర్చున్నారు. మేం ముందున్న చప్టా మీద కూర్చున్నాం.

అప్పుడు చిన్నాన్న వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తల నున్నగా దువ్వుకుని, మోటారు సైకిలు మీద. ఒక్క క్షణం అందరం నోరు తెరుచుకుని చూశాం. పండగ రోజుల్లో ఊరి నడిమధ్య ఒక మగాడు, అదీ ఇస్త్రీ చొక్కాతో. మా వెనకింటి ముసలమ్మ ముందు లేచింది. ఆమె వెనక మిగతావాళ్ళు. పేడనీళ్ళ కుండలు రోడ్డు పక్కన సిద్ధంగానే ఉన్నాయి, అవి అందుకే కదా ఉంటాయి. మొదటి కుండ చొక్కా మీద, రెండోది బండి మీద పడ్డాయి. చిన్నాన్న ఆఫీసరు కుర్చీ వెనక్కి వెళ్ళబోయాడు. ఆఫీసరు తన బట్టల మీద పడుతుందని కుర్చీ వదిలి గోడకి అంటుకున్నాడు. దాంతో చిన్నాన్నకి అడ్డు పోయింది. పాఠశాల వెనకనుంచి, జీడితోటలోంచి, గట్లు దూకుతూ అడవి వైపు పరిగెత్తాడు. అంత బాగా పరిగెత్తగలడని నాకు అంతకుముందు తెలియదు. నవ్వి నవ్వి నా కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. అమ్మ మాత్రం నవ్వలేదు, ఒక్క చుక్క కూడా పొయ్యలేదు. మరిది వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది.

ఆఫీసరు తేరుకుని, భూమి గలాయన ఏడీ అని అడిగాడు. వేటకెళ్ళాడని చెప్పాం. అది అబద్ధం కూడా కాదు.

ఆయన లేకపోయినా సభ జరిపించి పోదామనుకున్నారు. నేను చదువుకున్నదాన్నని తెలిసి కాగితం నా చేతికిచ్చి మావాళ్ళకి చదివి చెప్పమన్నారు. చదివాను. మేం ఇళ్ళలో మాట్లాడుకునే ఆదివాసీ ఒడియాలోకి మార్చి ఒక్కో మాటా చెప్పాను. ఊట నీటిని హోటలు వాడుకోవచ్చు. పరిసరాల్లో పొగ వచ్చే పొయ్యిలు ఉండకూడదు. పెట్టుబడి పెట్టినవారికి కొన్నేళ్ళు పన్నులు ఉండవు. ఆ చివరి మాట కోపంతో రెండుసార్లు చదివాను.  మావాళ్ళకి పన్ను మాఫీ అంటే ఏమిటో అర్థం కాలేదు, అలాంటిది ఒకటి ఉంటుందని వాళ్ళెప్పుడూ వినలేదు. అడగకుండా వదిలేస్తారు, ఆశీలు లాంటిది వీళ్ళని అడగరు అని చెప్పాను. అప్పుడు అర్థమైంది. 

అమ్మ లేచింది. ఈసారి ఆఫీసరుకి తెలియాలని తెలుగులోనే మాట్లాడింది. "ఆ బాబు బోలెడు డబ్బెట్టి కడతాడు, ఆడికి పన్నొద్దన్నారు. నాను కోడి కాల్చుకుంతాను, నా కాడ రోజూ పట్టుకెల్తన్నారు. ఆడికి మాపు, నాకు ఆశీలు, ఇదేటి రూలు బాబూ? ముందు నా ఆశీలు తీసీండి. నీల్ల సంగతి మాత్రం అడక్కండి. అవి మావి."

ఆఫీసరు అభివృద్ధి గురించి చెప్పాడు. ఉద్యోగాలొస్తాయన్నాడు. హోటల్లో గదులు తుడవడానికి మనుషులు కావాలన్నాడు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళలో సొంత పొలం దున్నుకోని ఇల్లు ఒక్కటీ లేదు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. ఒక్క చెయ్యి లేవలేదు. భూమి గలాయన లేడు కాబట్టి వాయిదా అని లేచిపోయాడు. మగవాళ్ళు వచ్చాక మళ్ళీ పెడతామన్నాడు. ఆడవాళ్ళది సభే కాదన్నట్టు.

ఆ వాయిదా రోజులు నాకు ముళ్ళ మీద నడిచినట్టే గడిచాయి. ఆడవాళ్ళు ఎంత కాదన్నా పట్టా చిన్నాన్నది. పేడనీళ్ళు పడ్డ మనిషి పంతం పట్టి వస్తే ఇక ఆపేది ఎవరు? నేను నవ్వాను కదా, ఆ నవ్వు ఆయన వెనక అడవిదాకా వినబడి ఉంటుంది. అమ్మ ఆ తెల్ల చొక్కా సంగతి ఆలోచించింది. వాళ్ళింటికి వెళ్ళి, పిన్నితో, మరిది ఇంకో చొక్కా పట్టుకెళ్ళలేదు, అడవిలో చలి వేస్తుంది అంది.

అడవిలో ఏం జరిగిందో చాలా ఏళ్ళకి చిన్నాన్నే నాకు చెప్పాడు. పేడ కంపుతో, చేతిలో విల్లు లేకుండా వేటగాళ్ళ దగ్గరికి చేరాడట. ఎందుకు రాలేదని గాని, ఎందుకొచ్చావని గాని ఎవరూ అడగలేదట. అడవిలో ఇప్పుడు ఏముంది, ఎన్ని కొండలు తిరిగినా ఒక్క కుందేలు దొరికింది. దాన్ని బొంగులో కాల్చి, మా ఆచారం ప్రకారం వచ్చిన ప్రతివాడికీ సమంగా పంచారు. బాణం వేసినవాడికీ అంతే, ఆలస్యంగా వచ్చి చేతులు ముడుచుకుని కూర్చున్నవాడికీ అంతే. ఆకులో పెట్టి చిన్నాన్న ముందు కూడా పెట్టారు, బొటనవేలంత ముక్క. "అది గొంతు దిగనేదే గుంటా" అన్నాడు నాతో. 

రెండో సభకి ఊరంతా వచ్చింది. వేటనుంచి తిరిగొచ్చిన మగవాళ్ళు, మేం, పిల్లలు. ఆఫీసరు, సావుకారు అవే కుర్చీల్లో. చిన్నాన్న వెనక వరసలో కూర్చున్నాడు. అమ్మ ఉతికి ఆరేసిన అదే చొక్కా, పచ్చటి మరక పూర్తిగా పోలేదు. ఆఫీసరు ఆయన్ని లేపి, పట్టా నీదే కదా, నీకు ఇష్టమేనని అందరి ముందూ చెప్పు అన్నాడు. సావుకారు చిరునవ్వుతో తల ఊపాడు. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.   చెక్క ఉంటుందో పోతుందో ఇప్పుడు మరిది నోట్లో ఉంది.

చిన్నాన్న లేచి జేబులోంచి బండి తాళం తీశాడు. నడుచుకుంటూ వెళ్ళి సావుకారు ముందు బల్ల మీద పెట్టాడు. అప్పుడు మా వైపు తిరిగాడు. "పట్టా నా పేరునే ఉంది. నాకిట్టం నేదు. నా పేరు ఎవుడికీ అద్దెకియ్యను."

ఆఫీసరు మళ్ళీ అడిగాడు, ఇంత పెట్టుబడి చేజేతులా పోగొట్టుకుంటున్నావని చెప్పాడు. చిన్నాన్న వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు. అమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది.

సావుకారు కారెక్కబోతూ నా దగ్గర ఆగాడు. ఆయనకి నా మీద కోపం లేదు, జాలి ఉంది. చదువుకున్నదానివి, మీవాళ్ళు ఏం పోగొట్టుకున్నారో నీకైనా తెలియాలమ్మా అన్నాడు. నాకు ఆ జాలే మండింది. పెద్ద హోటళ్ళు వచ్చి దిగినప్పుడు సముద్రం ఒడ్డున మీరేం పోగొట్టుకున్నారో మా బల్ల మీద కూర్చుని మీరే చెప్పారు కదండీ, మేం శ్రద్ధగా విన్నాం అన్నాను. ఆయన కారు తలుపు వేసుకున్నాడు.

హోటలు ఆగిపోలేదు. ఎందుకు ఆగుతుంది? ఇంకో మలుపులో, ఇంకో ఊళ్ళో, ఇంకొకరి పేరు మీద లేచింది. పన్నుల మాఫీతో, రంగుల దీపాలతో. అక్కడ కూడా బొంగు చికెన్ అమ్ముతారు, పింగాణీ పళ్ళెంలో పెట్టి. ఆ హోటలుకి పేరు అరువిచ్చినాయన అక్కడే గేటు దగ్గర కాపలా ఉన్నాడని విన్నాను. నేను చూడ్డానికి వెళ్ళలేదు, చూడలేను.

మా మలుపు దగ్గరికి ఆశీలువాడు మామూలుగానే వచ్చాడు. అమ్మ ఇవ్వనంది. ఊరి సభలో మేమంతా అనుకున్నాం, సొంత నేలలో పెట్టుకున్న పొయ్యికి ఎవరూ ఏమీ ఇవ్వకూడదని. అతను కోడిని పట్టుకోబోయాడు. మా తర్వాత పొయ్యిలు పెట్టుకున్న పక్క చెక్కల ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు, ఎవరూ చెయ్యి ఎత్తలేదు, అతని బండి చుట్టూ ఊరికే నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. కోడిని వదిలేసి వెళ్ళాడు. తర్వాత పాట ఇంకొకడు పాడుకున్నాడు, వాడూ వచ్చాడు, వాడికీ ఇవ్వలేదు. ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. మేమూ ఇవ్వకుండానే ఉన్నాం.

ఆ ఏడు తొలకరికి చిన్నాన్న చెక్క దున్నాడు. అమ్మ చోళ్ళు చల్లింది. నేను ఉద్యోగంలో చేరే ముందు రెండు వారాలు కలుపు తీశాను. వానలు సరిగా లేవు, పంట అంతంతమాత్రంగా వచ్చింది, నేను చదివిన ఆశ్రమ పాఠశాల పిల్లలకి ఒకపూట కాచే అంబలికి కూడా చాలదేమో. పంచుకుని రెండిళ్ళలోనూ అంబలి కాచుకున్నాం. ఎవరినీ అడక్కుండా తాగాం.